వీపున మోసే బండ: ఉక్కు డైవింగ్ సిలిండర్ కథ

నీటి అడుగున పనిచేసే డైవర్ వీపున కట్టుకొనే ఉక్కు సిలిండర్‌లో ఉండేది మామూలు గాలి. పత్రికల్లో దాన్ని ఆక్సిజన్ సిలిండర్ అని రాయడం అలవాటైంది గానీ, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఆరేడు మీటర్ల లోతు దాటితే విషమవుతుంది; మూర్ఛ తెప్పించి ప్రాణం తీస్తుంది. మనం పీల్చే గాలినే వడపోసి, తేమ తీసి, 200 రెట్ల పీడనంతో లోపల కుక్కుతారు. 12 లీటర్ల నీళ్లు పట్టే సిలిండర్‌లో ఆ విధంగా సుమారు 2,400 లీటర్ల గాలి ఇముడుతుంది. 2021లో కోవిడ్ వేళ ఆసుపత్రుల ముందు బారులు తీరి కనిపించిన పెద్ద ఆక్సిజన్ సిలిండర్‌లో పట్టేది దాదాపు 7,000 లీటర్లు. డైవర్ వీపు మీదిది అందులో మూడోవంతు.

ఈ సిలిండర్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ఊపిరికి గాలినిస్తుంది, మనిషిని నీటిలో కిందికి దించే బరువుగానూ నిలుస్తుంది. మొదటి పని అందరికీ తెలిసిందే. రెండోది కొత్తగా నేర్చుకొనేవాడికి నీళ్లలో దిగాక గాని అర్థం కాదు. తెలుగు ఇళ్లలో వంటగ్యాస్ సిలిండర్‌ను ‘బండ’ అంటారు. డైవింగ్ సిలిండర్‌కు ఆ మాట ఇంకా బాగా నప్పుతుంది. ఎందుకంటే ఉక్కు సిలిండర్ రాకముందు మునిగేవాళ్లు నమ్ముకొన్నది నిజంగా రాతిబండనే.

మనిషి శరీరం నీటితో దాదాపు సరితూగుతుంది. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే తేలుతుంది, గాలి వదిలితే చాలామందిలో మెల్లగా మునుగుతుంది. కొవ్వు నీటికన్నా తేలిక. ఎముక, కండ బరువు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో బావుల్లో, చెరువుల్లో పిల్లలకు ఈత నేర్పేవాళ్లకు ఈ లెక్క అనుభవం మీద తెలుసు. నడుముకు ఎండు సొరబుర్రో బెండ్లో కట్టి నీళ్లలోకి దించుతారు. బొద్దు పిల్లవాడికి కొద్దిపాటి బెండు చాలు. ఎముకలు తేలిన బక్కవాడికి ఎక్కువ కావాలి. ఈత వచ్చేకొద్దీ బెండ్లు తగ్గిస్తూ పోతారు. వీపున ఏ సిలిండర్ మోయాలన్న ప్రశ్నలోనూ ఉన్నది ఈ లెక్కే. అక్కడ తేలడానికి చూసుకొంటే ఇక్కడ మునగడానికి చూసుకొంటారు, అంతే తేడా.

మునగడం కోసం బరువు కట్టుకొన్నవాళ్లలో మన్నారు సింధుశాఖలోని ముత్యాల వేటగాళ్లు పేరుపడ్డవారు. తూత్తుక్కుడి తీరంలోనూ, దానికి ఎదుటి సింహళ తీరంలోనూ వాళ్లు తాడు కట్టిన బరువైన రాయి మీద కాలు మోపి, ముక్కు మూసుకొని, సూటిగా అడుగుకు దిగిపోయేవారు. కిందికి చేరగానే రాయిని వదిలేస్తే పడవలోని మనిషి పైకి లాక్కొనేవాడు. చిప్పలు ఏరుకొన్న వేటగాడు వేరే తాడు పట్టుకొని పైకి వచ్చేవాడు. కొందరు అర్ధచంద్రాకారపు రాయిని నడుముకు కట్టుకొనేవారని పాత వర్ణనలున్నాయి. నేటి డైవర్ నడుముకు చుట్టుకొనే సీసపు బిళ్లల పట్టీకి అంతకన్నా దగ్గరి పూర్వరూపం కనిపించదు. మునిగేవాడి ఒంటి బరువును బట్టి రాతి బరువు ఉండాలన్న తెలివి కూడా అందులోనే ఉంది.

ఇక తెలుగునాట ఒంగోలు తీరంలో అలాంటి ముత్యపు చిప్పల తిప్పలు లేవు. ఉన్నది ఓడల చరిత్ర. చినగంజాం దగ్గరి మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం తుఫానులకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సంగతే ముఖ్యంగా మాట్లాడుతుంది. అంతకు ముందు రాజులు అలాంటి ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, మణులు బలవంతంగా లాక్కొనేవారనీ, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ రాజు అందులో మాట ఇచ్చాడు. ఓడ పగిలితే సరుకు ఎవరిదన్న తగువు ఆ తీరంలో ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది. మునిగిన సరుకును పైకి తేగలిగింది మాత్రం ఊపిరి బిగబట్టగలిగినవాళ్లే. నేటికీ చెరువులోనో కాలువలోనో ఎవరైనా గల్లంతైతే ముందుగా కబురు వెళ్లేది గజ ఈతగాళ్లకే. వాళ్లలో చాలామందికి సిలిండర్ లేదు; రెండు నిమిషాల ఊపిరే పెట్టుబడి.

ఊపిరికి ఉన్న ఈ గడువును పెంచడానికి ఐరోపాలో చేసిన గట్టి ప్రయత్నాల్లో ముఖ్యమైనది గాలిని పైనుంచి గొట్టం ద్వారా పంపడం. ఆగస్టస్ సీబే 1837 నాటికి రూపుదిద్దిన రాగి శిరస్త్రాణం, రబ్బరు పూసిన దుస్తులు ఆ తర్వాత నూరేళ్లు ఓడరేవుల పనులన్నిటా చెల్లుబాటయ్యాయి. ఆ దుస్తుల్లో గాలి నిండి మనిషిని పైకి ఎత్తేది. అందుకని రొమ్ము మీద సీసపు దిమ్మెలు, కాళ్లకు సీసపు అడుగుల బూట్లు తగిలించేవారు. అన్నీ కలిపి 80 కిలోల దాకా తూగేవి. మనిషి సముద్రపు అడుగున నిలబడి నడిచేవాడే గాని ఈదే వీలు లేదు.

గొట్టం నుంచి మనిషిని విడిపించాలంటే గాలిని వెంట తీసుకెళ్లే పాత్ర కావాలి. ఫ్రాన్స్‌కు చెందిన రూకెరోల్, దెనెరూజ్ 1860లలో వీపున లోహపు తొట్టి అమర్చి, పీల్చినప్పుడే గాలి వదిలే కవాటాన్ని దానికి బిగించారు. జూల్స్ వెర్న్ తన సముద్ర నవలలో వర్ణించిన పరికరానికి మూలం ఇదే. ఆలోచన సరైనదే, లోహం చాలలేదు. అతుకు వేసిన తొట్టి ఎక్కువ పీడనం తట్టుకోలేదు కాబట్టి అందులో పట్టే గాలి కొద్ది నిమిషాలకే సరిపోయేది. మిగతా సమయమంతా మళ్లీ పైనుంచి గొట్టమే దిక్కు.

ఆ అడ్డంకిని తొలగించింది సముద్రంతో సంబంధం లేనివాళ్లు. జర్మనీలో మానెస్‌మాన్ సోదరులు 1880ల నడుమ ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీని తిప్పుతూ, నడిమికి చిల్లి పొడిచి, అతుకు లేని గొట్టంగా సాగదీసే పద్ధతి కనిపెట్టారు. అతుకు లేకపోతే పగిలే చోటు లేనట్లే. అతుకులేని ఉక్కు సిలిండర్లు అంతకంతకూ చవకై, వందకు పైగా వాతావరణాల పీడనం మోయగలిగాయి. 1920ల నడుమ ఫ్రెంచి నౌకాధికారి ఈవ్ లే ప్రియూర్ మోటారు టైర్లలో గాలి నింపడానికి మిషెలాఁ కంపెనీ అమ్మే 3 లీటర్ల, 150 వాతావరణాల సిలిండర్‌ను తీసుకొని డైవింగ్ పరికరంగా మార్చాడు. గాలి ఎడతెగకుండా కారిపోతూ ఉండేది గనుక సగం వృథా. 1943లో జాక్ ఈవ్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గన్యాఁ ఆ లోపాన్ని సరిచేశారు. యుద్ధకాలపు పెట్రోలు కరువులో బొగ్గు గ్యాసుతో నడిచే కార్ల కోసం గన్యాఁ తయారుచేసిన కవాటాన్నే నీటి అడుగు ఊపిరికి మలిచారు. పీల్చినంతే వస్తుంది, ఆపితే ఆగుతుంది. ‘ఆక్వాలంగ్’ అన్న పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. మనిషి చేపలా అడ్డంగా ఈదడం అప్పటి నుంచే. వీపు మీది బరువు ఎక్కడ కూర్చొన్నదన్న ప్రశ్న కూడా అప్పుడే పుట్టింది.

1950, 60లలో అమెరికాలో అందరి వీపుల మీదా కనిపించింది ‘స్టీల్ 72’ అని పిలిచే క్రోమ్ మాలిబ్డినం ఉక్కు సిలిండర్. 72 ఘనపుటడుగుల గాలి పడుతుందని ఆ పేరు. నీటి కొలతలో సుమారు 12 లీటర్లు. దాన్ని తయారుచేసినవాళ్లు అనుకొని చేశారో లేదో గాని, అది మనిషి శరీరానికి అద్భుతంగా కుదిరింది. గాలి అయిపోవచ్చే వేళకు సముద్రపు నీటిలో అది తేలనూ తేలదు, మునగనూ మునగదు. ఆ రోజుల్లో గాలి ఊదుకొని తేలే కోటు ఇంకా అంతగా వాడుకలోకి రాలేదు. సరైన సిలిండరు, కొంచెం సీసం, ఊపిరి మీద అదుపు. ఈ మూడింటితోనే పాతతరం డైవర్లు నీటిలో కదలకుండా నిలబడగలిగేవారు. ఇప్పటి శిక్షణలో దాదాపు మరుగునపడిన ఆ నేర్పును మళ్లీ ముందుకు తేవడం ఎంతైనా అవసరం.

కాలిఫోర్నియా భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1952లో రూపొందించిన నియోప్రీన్ దుస్తులు లెక్కను మార్చేశాయి. చలి ఆపే ఆ రబ్బరులో ఉన్నవన్నీ గాలి బుడగలే. పైన ఉన్నప్పుడు గట్టిగా తేలుస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ నలిగిపోయి తేలిక పోగొట్టుకొంటుంది. దాన్ని దించడానికి సీసం పెరిగింది, లోతులో ఆ సీసాన్ని మోయడానికి గాలి ఊదుకొనే చొక్కా వచ్చింది. 1970ల మొదట్లో అల్యూమినియం సిలిండర్లు బజారుకు వచ్చాక బరువు ఇంకొక మెట్టెక్కింది. తుప్పు పట్టవు, ధర తక్కువ. అద్దెకిచ్చే దుకాణాలకు అంతకన్నా ఏం కావాలి? కానీ అల్యూమినియం సాంద్రత ఉక్కులో మూడోవంతుకు కాస్త ఎక్కువ, అంతే. అదే పీడనం ఆపాలంటే గోడ మందంగా ఉండాలి. అందుకే ఒడ్డున ఎత్తి చూస్తే ‘అల్యూమినియం 80’ ఉక్కు సిలిండర్ అంతే బరువు, సుమారు 14 కిలోలు. నీటిలోకి దిగితే మాత్రం స్వభావమే వేరు. నిండుగా ఉన్నప్పుడు ముప్పాతిక కిలో బరువుగా ఉండి, ఖాళీ అయ్యేసరికి 2 కిలోల దాకా పైకి లాగుతుంది. గాలికీ బరువుంటుంది మరి: 2,200 లీటర్ల గాలి రెండున్నర కిలోలకు పైమాటే.

12 లీటర్ల ఉక్కు సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు నీటిలో మూడు నుంచి నాలుగు కిలోలు తూగుతుంది. ఖాళీ అయ్యాక కూడా దాదాపు తటస్థంగానో ఒక కిలో బరువుగానో ఉంటుంది, పైకి లాగదు. మునక చివర్లో, పైకి వస్తూ 5 మీటర్ల దగ్గర ఆగాల్సిన వేళ, డైవర్‌కు స్థిరత్వం ఎక్కువ అవసరమయ్యేది అప్పుడే. అల్యూమినియం సిలిండర్‌తో దిగినవాడు ఆ చివరి నిమిషాల కోసం మొదటి నుంచీ రెండు మూడు కిలోల సీసం అదనంగా నడుముకు మోయాలి. ఉక్కు వాడేవాడి బరువు నడుము మీద కాకుండా వెన్ను పొడవునా పరచుకొంటుంది.

అయితే ఉక్కంటే ఒకే ఆకారం కాదు. 12 లీటర్ల సిలిండర్లు ముఖ్యంగా రెండు రకాలు: 171 మిల్లీమీటర్ల వ్యాసంతో సన్నగా, పొడుగ్గా ఉండేది; 203 మిల్లీమీటర్ల వ్యాసంతో పొట్టిగా, లావుగా ఉండేది. మొదటిది రెండోదానికన్నా దాదాపు జానెడు పొడవు. ఆరడుగుల మనిషికి పొడుగుది బాగుంటుంది. బరువు నడుము దాకా దిగి, కాళ్లు తేలిపోకుండా ఆపుతుంది. అయిదడుగుల మనిషి, అందులోనూ వెన్ను పొట్టిగా ఉన్నవాళ్లు అదే సిలిండర్ కట్టుకొంటే పైన వాల్వ్ తల వెనుక తగులుతుంది. తల ఎత్తి ముందుకు చూడలేరు. కిందికి జార్చి కట్టుకొంటే అడుగు భాగం పిరుదులకు, పడవ బల్లకు కొట్టుకొంటుంది. ఆ ఒడ్డూ పొడుగూ చాలనివాళ్లకు పొట్టి సిలిండరే నయం. ఒంగోలు గిత్తకు కాడి ఎంచేటప్పుడు రైతు మూపురం ఎత్తు, మెడ పొంకం చూసి మరీ చేయిస్తాడు. కాడి మంచిదా కాదా అన్నది ఏ గిత్త మెడ మీదన్న సంగతి తేలాకే చెప్పగలరు. సిలిండర్ విషయమూ అచ్చంగా అంతే.

బరువు ఎక్కడ తూగుతోందన్నదానికి శరీరమే సాక్షి. కండపట్టిన బరువైన కాళ్లున్నవాడు నీటిలో కాళ్లు దిగిపోయి నిలువుగా వేలాడుతాడు. అతనికి సిలిండర్ ఒకటి రెండు అంగుళాలు పైకి కడితే చాలావరకు సర్దుకొంటుంది. తొడల్లో కొవ్వు ఎక్కువగా ఉండే స్త్రీలకు తరచు దీనికి విరుద్ధం: కాళ్లు లేస్తాయి, తల వంగుతుంది. వాళ్లకు బరువు కిందికి దిగాలి. వెచ్చని బంగాళాఖాతంలో పలచని దుస్తులతో దిగే సన్నపాటి మనిషికి 15 లీటర్ల ఉక్కు సిలిండర్ కడితే సీసమేమీ లేకుండానే బరువు ఎక్కువైపోతుంది. ఆపదలో వదిలేయడానికి సీసపు పట్టీ కూడా ఉండదు. అది ప్రమాదం. ఉక్కు ఎంచుకొనేవాడు తప్పక చూసుకోవలసిన హద్దు అది.

గాలి ఎంత కావాలన్నది కూడా శరీరాన్ని బట్టే. పెద్ద ఒళ్లున్నవాడు నిమిషానికి 20 లీటర్లు పీల్చుకొంటాడనుకొందాం. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది గనుక 20 మీటర్ల లోతులో అతనికి నిమిషానికి 60 లీటర్లు ఖర్చు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (దాదాపు 200 వాతావరణాలు) పీడనంతో గాలి నింపి, 50 బార్ అత్యవసరానికి మిగిల్చితే 1,800 లీటర్లు, అంటే అరగంట. నిమిషానికి 13 లీటర్లే చాలిన చిన్న మనిషి 10 లీటర్ల సిలిండర్‌లో మిగులు పోగా 1,500 లీటర్లతో అదే లోతున 38 నిమిషాలు ఉండగలరు. పెద్ద సిలిండర్ కొంటే ఎక్కువసేపు ఉండవచ్చన్న నమ్మకం చిన్న శరీరాల వీపున అనవసరంగా నాలుగైదు కిలోలు ఎక్కించింది.

ఉక్కుకు శత్రువు తేమ. కొత్తపట్నం నుంచి భీమిలి దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుప వస్తువు ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సిలిండర్ బయటి తుప్పు కంటికి కనిపిస్తుంది; లోపలిది కనిపించదు. కాస్తంత నీరు, అందులోనూ ఉప్పునీరు, లోపలికి చేరితే ఎక్కువ పీడనం కింద తుప్పు వేగంగా పాకుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకోవడమే గనుక, తడి సిలిండర్‌ను నెలల తరబడి నింపి ఉంచితే లోపలి గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. దాన్ని పీల్చినవాడికి ఊపిరాడుతున్నట్లే ఉండి స్పృహ తప్పుతుంది. అందుకే డైవర్లు సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేయరు. కొంత పీడనం మిగిల్చి నీరు చొరబడకుండా చూస్తారు.

నింపే కంప్రెసర్ కూడా ఏదో ఒకటి కాదు. ఒంగోలు పక్కన చీమకుర్తి గ్రానైట్ గనుల్లో రాతికి చిల్లులు వేసే డ్రిల్లింగ్ యంత్రాలు నడిచేది కంప్రెసర్ గాలితోనే. దాని పీడనం డైవింగ్ సిలిండర్ పీడనంలో కొద్ది భాగమే. పైగా ఆ గాలిలో నూనె ఆవిరి కలుస్తుంది. డైవింగ్ కంప్రెసర్ గాలిని దశలవారీగా నొక్కి, చల్లార్చి, తేమను, నూనెను వడపోతల్లో ఆపేసి పంపాలి.

భారతదేశంలో ఈ సిలిండర్ ఒక చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం పేరు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. లోహపు పాత్రలో కుక్కిన వాయువును 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద పేలుడు పదార్థంగా పరిగణిస్తూ 1938లో ప్రకటన వెలువడింది. 1940లో గ్యాస్ సిలిండర్ల నియమాలు వచ్చాయి. 1981, 2004, 2016లలో వాటిని తిరగరాశారు. నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) అనుమతి లేనిదే సిలిండర్ తయారుచేయడం, దిగుమతి చేసుకోవడం, నింపడం కుదరవు. ప్రతి సిలిండర్ భుజం మీద దాని జాతకం పొడిచి ఉంటుంది: వరుస సంఖ్య, నీటి కొలత, ఖాళీ బరువు, వాడుక పీడనం, పరీక్ష చేసిన తేదీ. నియమిత కాలానికొకసారి లోపల నీళ్లు నింపి, వాడుక పీడనాన్ని మించి నొక్కి చూస్తారు. ఉక్కు సాగి మళ్లీ యథాస్థితికి వస్తే సిలిండర్‌కు మరికొన్నేళ్ల ఆయుష్షు. పాత సిలిండర్ కొనేవాడు రంగు కాదు, ఆ భుజం మీది అంకెలు చూడాలి.

తెలుగు తీరంలో సిలిండర్‌తో మునిగే విద్య విశాఖపట్నం చుట్టూ పెరిగింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ రేవు ముఖానికి దగ్గర్లోనే మునిగింది. జాలర్లకు శకలాలు దొరికాక నౌకాదళ డైవర్లు దిగి అది ఘాజీయేనని తేల్చారు. సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన ఐఎన్‌ఎస్ నిస్తార్ ఆ పనిలో పాలుపంచుకొంది. వినోదం కోసం దిగడం చాలా ఆలస్యంగా మొదలై, రుషికొండ, మంగమారిపేట దగ్గరి రాళ్ల గుట్టల చుట్టూ స్థిరపడింది. ఒంగోలు వైపు తీరానికి ఆ భాగ్యం దక్కలేదు. కృష్ణ, గుండ్లకమ్మ తెచ్చిపోసే ఒండ్రుతో అక్కడి అడుగంతా బురద, ఇసుక; నీరు మసక. కొత్తపట్నంలో మునిగినవాడికి చెయ్యి చాస్తే ఆ చెయ్యి కనిపించడమే గొప్ప.

విశాఖ డైవర్లకు లోతట్టు నదుల నుంచి పిలుపులు తరచు వస్తాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం శ్రమించి అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు లాగింది. అడుగుకు దిగి తాళ్లు బిగించే పనికి విశాఖ నుంచి డైవర్లు వెళ్లారు. 2024 సెప్టెంబరు 1న కృష్ణ వరదలో కొట్టుకొచ్చిన బోట్లు విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దినప్పుడు, వాటిని నీటి అడుగున కోయడానికి దిగింది కూడా విశాఖవాళ్లే. ఆ బ్యారేజీ కింద పారేది మంచినీరు. మంచినీరు ఉప్పునీటికన్నా రెండున్నర శాతం తేలిక. సామగ్రితో కలిపి 100 కిలోలుండే డైవర్ సముద్రంలో సరితూగే సీసంతోనే నదిలో దిగితే రెండున్నర కిలోలు ఎక్కువ బరువుతో బురదలో కూరుకుపోతాడు. ఉక్కు సిలిండర్ వాడేవాళ్లు నదికి వెళ్లేటప్పుడు నడుము పట్టీని దాదాపు ఖాళీ చేసుకొని దిగవచ్చు.

ఒకేచోట గంటల తరబడి కోత, వెల్డింగ్ చేయవలసి వస్తే వృత్తి డైవర్లు మళ్లీ పాత గొట్టాన్నే ఆశ్రయిస్తారు. గాలి పైనుంచి వస్తుంది. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టగా 2025 జూలై 18న నౌకాదళంలో చేరిన కొత్త ఐఎన్‌ఎస్ నిస్తార్ నుంచి డైవర్లు 300 మీటర్ల లోతు దాకా దిగగలరు. ఆ లోతుల్లో వాయు మిశ్రమం, వెచ్చదనం, మాట అన్నీ పైనుంచి తాడుకట్టలోనే వస్తాయి. అలాంటి డైవర్ వీపునా సిలిండర్ ఉంటుంది. పైనుంచి వచ్చే సరఫరా తెగితే, అతను తనను కిందికి దించిన గంట ఆకారపు గదిలోకి (డైవింగ్ బెల్) చేరుకొనే ఆ కొద్ది నిమిషాలకు సరిపడా ఊపిరి అందులో నింపి ఉంచుతారు.